మండుటెండలో క్యారవాన్ ఫ్రిజ్ చల్లబడాలంటే: వెనుక గాలి దారిని సరిచేసే పద్ధతి

ఆస్ట్రేలియాలో ఉంటున్న మన కుటుంబాలు క్యారవాన్ కట్టుకుని బయలుదేరేది ఎక్కువగా డిసెంబరు, జనవరి బడి సెలవుల్లోనే. ఇక్కడ అది నడి వేసవి. మెల్‌బోర్న్ నుంచి ముర్రే నది వెంబడి మిల్డూరా వైపు వెళితే మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. ఆ ఎండలో రెండో రోజు సాయంత్రానికి పెరుగు పులిసిపోయి, దోసెల పిండి డబ్బా మూత నెట్టుకుని పొంగి, ఫ్రిజ్ పాడైపోయిందని ఇంట్లో తీర్మానం జరిగిపోతుంది. వేల డాలర్లు పోసి కొత్త ఫ్రిజ్ కొనేముందు పరిశీలించవలసిన విషయం ఒకటి ఉంది. ఫ్రిజ్ వెనుక వేడి బయటికి పోయే దారి సరిగా ఉందా లేదా అన్నది చూడాలి. చాలా క్యారవాన్లలో తప్పు అక్కడే ఉంటుంది, దాన్ని సరిచేయడానికి కావలసినది అల్యూమినియం రేకు, కొన్ని పొట్టి స్క్రూలు, ఒకటి రెండు చిన్న ఫ్యాన్లు, ఒక వారాంతం.

ఈ మార్గదర్శి ముఖ్యంగా గ్యాస్, 240 వోల్టులు, 12 వోల్టులు అనే మూడు విధాలుగా పనిచేసే అబ్సార్‌ప్షన్ ఫ్రిజ్‌ల గురించి. కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవారికి వర్తించే విషయాలు చివరలో విడిగా ఉన్నాయి.

ముందుగా యంత్రం తీరు తెలియాలి

స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుతున్న బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో రూపొందించిన పద్ధతి ఇది. తరువాత ఎలక్ట్రోలక్స్ సంస్థ దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఇందులో మోటారు లేదు, పంపు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. మూసివేసిన ఉక్కు గొట్టాలలో అమోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. గ్యాస్ మంటగానీ విద్యుత్ హీటర్‌గానీ కింద ఉన్న బాయిలర్‌ను వేడి చేస్తే, నీటిలో కరిగి ఉన్న అమోనియా ఆవిరై పైకి వెళ్లి, రెక్కలున్న కండెన్సర్‌లో వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఫ్రిజ్ లోపలి ఎవాపరేటర్‌లో హైడ్రోజన్‌తో కలిసి, తక్కువ ఉష్ణోగ్రతలోనే మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ తరువాత కిందనున్న అబ్సార్బర్ గొట్టాల చుట్టలోకి దిగి నీటిలో కలిసిపోతుంది. అక్కడ కూడా వేడి విడుదలవుతుంది.

అంటే ఫ్రిజ్ లోపల లాగిన వేడీ, మనం బాయిలర్‌కు ఇచ్చిన వేడీ రెండూ కలిసి కండెన్సర్ నుంచీ అబ్సార్బర్ నుంచీ గాలిలోకి వెళ్లిపోవాలి. కండెన్సర్ దగ్గర గాలి కదలకపోతే అమోనియా పూర్తిగా ద్రవం కాదు, ద్రవం తగ్గితే లోపల చల్లదనం తగ్గుతుంది. థర్మోస్టాట్‌ను ఎంత తిప్పినా కిందికి మరింత వేడి అందుతుందే తప్ప పైన పోయే దారి పెరగదు. అందుకే మధ్యాహ్నం వేళ మీట చివరిదాకా తిప్పడం వల్ల మేలు కనబడదు.

ఆ గాలిని కదిలించేది ఫ్రిజ్ వెనుక ఉన్న ఖాళీయే. కింది వెంట్ (బయటి గోడలో గాలి వచ్చిపోయే గ్రిల్ ఉన్న రంధ్రం) నుంచి బయటి గాలి ప్రవేశించి, గొట్టాల వేడికి తేలికై, పై వెంట్ నుంచి బయటికి పోవాలి. ఈ మార్గం చిమ్నీలా పనిచేసినంతసేపు ఫ్యాను అవసరమే ఉండదు.

ఫ్రిజ్ తలుపు లోపలివైపు గోడ మీద ఉన్న పలకను ఒకసారి చదవండి. అక్కడ వాతావరణ తరగతి రాసి ఉంటుంది. ఎస్‌ఎన్, ఎన్ తరగతులు 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ 38 వరకు, టీ 43 వరకు ఉన్న పరిసరాలకు ఉద్దేశించినవి. అయితే ఫ్రిజ్‌కు తెలిసేది వాతావరణ వార్తలో చెప్పే ఉష్ణోగ్రత కాదు, దాని వెనుక పేరుకున్న గాలి ఉష్ణోగ్రత మాత్రమే. బయట 36 ఉన్నా వెనుక ఖాళీలో 55 ఉంటే టీ తరగతి ఫ్రిజ్ కూడా చేతులెత్తేస్తుంది. మనం చేయబోయే పని అంతా ఈ తేడాను తగ్గించడానికే. ఎన్ తరగతి ఫ్రిజ్‌ను టీ తరగతిగా మార్చడం మాత్రం ఎవరివల్లా కాదు.

మొదటి అడుగు: తప్పు గాలిదేనని నిర్ధారించుకోవడం

రేకు కత్తిరించేముందు ఫ్రిజ్‌ను ఇంటి దగ్గరే పరీక్షించాలి. క్యారవాన్‌ను సమతలంగా నిలిపి, ఫ్రీజర్ అడుగు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి నిలువుగానూ అడ్డంగానూ చూడండి. గొట్టాలలో ద్రవాలు కేవలం వాలు ఆధారంగా ప్రవహిస్తాయి కాబట్టి, క్యారవాన్ ఆగి ఉన్నప్పుడు రెండు మూడు డిగ్రీలకు మించి ఒరిగి ఉంటే చల్లదనం తగ్గుతుంది, అలాగే చాలాసేపు నడిపితే యంత్రం శాశ్వతంగా చెడిపోవచ్చు. నడుస్తున్నప్పుడు ఒరుగు ఎప్పటికప్పుడు మారుతుంటుంది కనుక ఆ ఇబ్బంది ఉండదు.

తరువాత తలుపు రబ్బరు. చిన్న కాగితం ముక్కను తలుపు అంచున పెట్టి మూసి, మెల్లగా లాగండి. కాగితం పట్టుకుని సాగినట్టు రావాలి. జారిపోతే ఆ చోట సీలు వదులైందన్నమాట. (ఇక్కడి కరెన్సీ నోట్లు ప్లాస్టిక్‌వి, నున్నగా జారిపోతాయి కాబట్టి ఈ పరీక్షకు నోటు పనికిరాదు.) పై అంచు, కింది మూలలు, కీళ్లవైపు అంచు అన్నీ చూడాలి.

ఇక అసలు పరీక్ష. ఫ్రిజ్‌ను 240 వోల్టుల మీద ఒక పగలూ రాత్రీ పూర్తిగా నడపండి, మరో పగలూ రాత్రీ గ్యాస్ మీద నడపండి. ఫ్రిజ్ మధ్య అరలో గ్లాసుడు నీళ్లు పెట్టి అందులో థర్మామీటర్ ఉంచండి. తలుపు తీసిన ప్రతిసారీ గాలి ఉష్ణోగ్రత ఎగిరిపడుతుంది, నీటి ఉష్ణోగ్రత నిజం చెబుతుంది. అది 5 డిగ్రీలకు మించకుండా ఉండాలి. ఫలితాలను ఇలా అర్థం చేసుకోవచ్చు. విద్యుత్ మీద బాగుండి గ్యాస్ మీద మాత్రమే బలహీనంగా ఉంటే తప్పు బర్నర్ జెట్‌లోనో, మసి పట్టిన పొగగొట్టంలోనో, గ్యాస్ పీడనంలోనో ఉంటుంది. రెండింటి మీదా బాగుండి, కారు నడుస్తున్నప్పుడు 12 వోల్టుల మీద మాత్రమే తేలిపోతే తప్పు వైరింగ్‌ది. చల్లని తెల్లవారుజామున కూడా రెండింటి మీదా చల్లబడకపోతే యంత్రాన్నే అనుమానించాలి. రాత్రంతా చక్కగా 4 డిగ్రీలలో ఉండి, మధ్యాహ్నం రెండు గంటల నుంచి 10, 12 డిగ్రీలకు ఎక్కుతూ, చీకటి పడ్డాక మళ్లీ దిగుతుంటే తప్పు గాలి దారిదే.

వెనుక గ్రిల్ తీసినప్పుడు అమోనియా ఘాటు వాసన వచ్చినా, గొట్టాల అతుకుల వద్ద పసుపుపచ్చని పొడి కనిపించినా ఈ మార్గదర్శిని అక్కడితో పక్కన పెట్టేయండి. లోపలి తుప్పు నివారణకు వాడే క్రోమేట్ రసాయనం అలా పసుపురంగులో బయటపడుతుంది, అంటే గొట్టం కారుతోంది. ఫ్రిజ్ ఆపివేసి, క్యారవాన్ తలుపులు కిటికీలు తెరిచి, కూలింగ్ యూనిట్ మార్చే విషయం నిపుణులతో మాట్లాడటమే మిగిలిన పని.

రెండో అడుగు: వెనుక వైపు తెరిచి చూడటం

గ్యాస్ బండ వాల్వు మూయండి. 240 వోల్టుల తీగ బయటికి లాగేయండి. 12 వోల్టుల ఫ్యూజు తీయండి. బాయిలర్, పొగగొట్టం పూర్తిగా చల్లారేదాకా ఆగండి, అవి చర్మం కాలేంత వేడిగా ఉంటాయి. అప్పుడు కింది గ్రిల్, పై గ్రిల్ రెండూ ఊడదీసి టార్చి వేసి చూడండి.

చూడవలసినవి నాలుగు. కండెన్సర్ రెక్కలకూ క్యారవాన్ బయటి గోడకూ మధ్య దూరం ఎంత ఉంది? ఫ్రిజ్ పైభాగానికి, దాని మీది అల్మారా అడుగుకు మధ్య ఖాళీ ఉందా? పై వెంట్ కండెన్సర్ రెక్కలకు పైన ఉందా, వాటి ఎత్తులోనే ఉందా, లేక వాటికన్నా కిందే ఉందా? ఫ్రిజ్ పక్కలనుంచి నివాస భాగంలోకి వెలుతురు కనబడుతోందా?

మొదటి ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. వెనుక ఎంత ఎక్కువ చోటు ఉంటే అంత మంచిదని అనిపిస్తుంది, కానీ నిజం అందుకు విరుద్ధం. పలు మాన్యువళ్లు ఈ ఎడం 25 మిల్లీమీటర్లకు మించకూడదని చెబుతాయి. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోండి. ఎడం 80, 100 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు గాలి రెక్కల మధ్య దూరడం మానేసి, అడ్డంకి లేని బయటి గోడ పక్కనుంచి పైకి జారుకుంటుంది. గట్టు తెగిన కాలువలో నీరు ఎంత పారినా మడి తడవనట్టే, వెంట్ల గుండా ఎంత గాలి పోతున్నా రెక్కలకు తగలదు.

గాలి ఎటు పోతోందో కళ్లారా చూడటానికి ఇంట్లో ఉండే అగరుబత్తి చాలు. గ్యాస్ బండ మూసే ఉంచి, గ్యాస్ వాసన ఏమాత్రమూ లేదని నిశ్చయించుకున్నాక, ఫ్రిజ్‌ను 240 వోల్టుల మీద రెండు మూడు గంటలు నడిపి, గ్రిల్‌లు తిరిగి బిగించి, గాలి వీచని వేళ కింది వెంట్ ముందు అగరుబత్తి పట్టుకోండి. దారి బాగుంటే పొగ నిటారుగా లేవకుండా వంగి, గ్రిల్ చీలికల్లోకి సన్నటి దారంలా లాగబడుతుంది. పొగ అక్కడే సుడి తిరిగినా, ఒక్కో దఫా బయటికే వచ్చినా చిమ్నీ పనిచేయడం లేదు. తరువాత పై వెంట్ దగ్గర పట్టుకోండి. అక్కడ పొగ బయటికి నెట్టబడాలి. పై వెంట్ పైసగం నుంచి గాలి బయటికి వస్తూ, కింది సగం గుండా లోపలికి పోతున్నట్టు కనబడితే, వేడిగాలి అక్కడక్కడే తిరుగుతోందని అర్థం.

రెండు ప్రోబ్ థర్మామీటర్లు కూడా పెట్టండి. ఒకటి కింది వెంట్ లోపల, ఒకటి కండెన్సర్ రెక్కలకు కాస్త పైన. ప్రోబ్ తీగలు పొగగొట్టానికి తగలకూడదు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, నీడలోని బయటి ఉష్ణోగ్రతతో పాటు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. పని పూర్తయ్యాక ఫలితం తేల్చేది ఈ కాగితమే.

మూడో అడుగు: నివాస భాగంవైపు సందులు మూయడం

ఇది చల్లదనంకన్నా ప్రాణ భద్రతకు సంబంధించిన పని, అందుకే ముందు దీన్ని చేయాలి. గ్యాస్ మండగా వచ్చే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు, దానికి రంగూ వాసనా లేవు. ఫ్రిజ్ వెనుక ఖాళీకీ మనం పడుకునే గదికీ మధ్య ఏ చీలికా ఉండకూడదు. ఫ్రిజ్ ముందు చట్రం చుట్టూ, నేలలో తీగలు దిగే రంధ్రాల దగ్గర, చక్రాల గూటి పక్కన, మీది అల్మారా అడుగున చూడండి. చిన్న సందులకు వేడిని తట్టుకునే అల్యూమినియం టేపు, పెద్దవాటికి రేకు ముక్క వాడండి. రేపు ఫ్రిజ్ బయటికి తీయవలసి వస్తే ఊడదీయడానికి వీలుండాలి కాబట్టి అంతా సిలికాన్ పూసి అతికేయకండి.

పక్కగోడలకూ ఫ్రిజ్ పెట్టెకూ మధ్య ఖాళీ ఉంటే మండని ఖనిజ ఉన్నితో నింపవచ్చు. థర్మోకోల్‌గానీ మామూలు స్పాంజిగానీ వెనుక ఖాళీలోకి రానివ్వకండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని క్యారవాన్‌లో ఈ పనితో పాటే ఒకటి బిగించండి.

నాలుగో అడుగు: గాలిని రెక్కల వైపు మళ్లించే రేకులు

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. ఫ్యాన్లు కొనడం సులువు. రేకు కొలిచి వంచడానికి ఓపిక కావాలి. కానీ రేకులు లేకుండా బిగించిన ఫ్యాను దగ్గరి దారిన వచ్చే గాలినే తోస్తూ కూర్చుంటుంది.

కావలసినవి రెండు రేకులు. మొదటిది కింది వెంట్‌కు పైన, బయటి గోడకు బిగించి, కండెన్సర్ రెక్కల అడుగుభాగం వైపు వాలుగా లేచేది. గోడ పక్కగా పోవాలనుకునే గాలిని అది ఫ్రిజ్ వైపు నెడుతుంది. రేకు అంచుకూ గొట్టాలకూ మధ్య మాన్యువల్ చెప్పిన ఎడం మిగలాలి, ఏ గొట్టానికీ రేకు ఆనకూడదు. రెండోది ఫ్రిజ్ పెట్టె వెనుక పై అంచు నుంచి మొదలై, పై వెంట్ పై అంచు దాకా ఏటవాలుగా వెళ్లేది. ఫ్రిజ్ నెత్తిన ఉన్న ఖాళీలో వేడిగాలి చేరి నిలిచిపోకుండా, నేరుగా బయటికి పోయేలా ఇది పైకప్పులా అడ్డుపడుతుంది. వెంట్ రెక్కలకన్నా కిందికి ఉన్న క్యారవాన్లలో పై రేకు ఒక్కటే సరిపోదు, ఆ సంగతి తరువాతి భాగంలో చూద్దాం.

ముందు అట్టముక్కతో నమూనా చేసుకోండి. ఊడదీసిన గ్రిల్ రంధ్రం గుండా పట్టేలా, లోపల తీగలకూ గ్యాస్ గొట్టానికీ తగలకుండా కుదిరేదాకా అట్టనే కత్తిరించండి. అది కుదిరాక మిల్లీమీటరు మందం ఉన్న అల్యూమినియం రేకు మీద గీసి కత్తిరించి, గోడకు బిగించే అంచును 20 మిల్లీమీటర్లు మడిచి, పదునైన అంచులను ఆకురాయితో నున్నగా చేయండి. క్యారవాన్ బయటి గోడ పలచనిది కనుక పొట్టి స్క్రూలు వాడాలి, లేకపోతే మొనలు బయటికి పొడుచుకువస్తాయి. కన్నం వేసేముందు గోడలో తీగలు లేవని చూసుకోండి.

రెండు నిషేధాలు. కూలింగ్ యూనిట్ గొట్టాలకు ఎక్కడా కన్నం వేయరాదు, వాటిని వంచరాదు, వాటికి దేన్నీ స్క్రూతో బిగించరాదు, ఎందుకంటే వాటిలో అమోనియా, హైడ్రోజన్ అధిక పీడనంలో ఉంటాయి. పొగగొట్టం నోటికి రేకు అడ్డుపడరాదు, పొగ పూర్తిగా బయటికే పోవాలి. పొగగొట్టాన్ని కాస్తయినా జరపవలసి వస్తే ఆ పని లైసెన్సు ఉన్న గ్యాస్‌ఫిట్టర్‌దే. క్యారవాన్లలో గ్యాస్ అమరికలకు ఇక్కడ ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 5601.2 అనే ప్రమాణం ఉంది, గ్యాస్ ఉపకరణానికి గాలి అందే తీరును మార్చేటప్పుడు ఫ్రిజ్ తయారీదారు సూచనలు కూడా దాటకూడదు. అట్ట నమూనా దశలోనే గ్యాస్‌ఫిట్టర్‌కు చూపించి ఒక మాట అడిగితే తరువాత రేకు విప్పే శ్రమ తప్పుతుంది.

ఐదో అడుగు: వెంట్లు

పై వెంట్ పై అంచు కండెన్సర్ రెక్కల పై అంచుకన్నా పైన ఉండాలి. లేకపోతే రెక్కలు వేడిగాలి మడుగులో మునిగి ఉంటాయి. అలా ఉన్నచోట వెంట్‌ను పైకి మార్చడమో, ఫ్రిజ్‌కు నేరుగా పైన కప్పు మీద వెంట్ పెట్టడమో చేయాలి. పొడవాటి ఫ్రిజ్‌లకు కప్పు వెంటే మేలు. గోడనో కప్పునో కోసే పని ఇది, వాన నీరు దిగకుండా సీలు చేయడం తెలిసిన క్యారవాన్ మరమ్మతుదారుకు అప్పగించడం నయం.

ఉన్న వెంట్లనైనా సరిగా వాడుకోవాలి. గ్రిల్ కొలత పెద్దగా కనబడినా, పలకల మందం, లోపలి దోమతెర కలిసి గాలికి మిగిల్చేది అందులో ఒక భాగమే. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగొచ్చిన క్యారవాన్‌లో ఆ తెర దుమ్ముతో పూడుకుపోయి ఉంటుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, కడిగి ఆరబెట్టండి. చలికాలంలో బిగించే కవర్లు వేసవిలో అలాగే వదిలేసిన క్యారవాన్లు కూడా ఉంటాయి, వాటిని తీసేయండి.

ఆరో అడుగు: ఫ్యాన్లు

రేకులు బిగించాక మళ్లీ అగరుబత్తి పరీక్ష, మళ్లీ ఉష్ణోగ్రతల కాగితం. 35 డిగ్రీల రోజున కూడా ఫ్రిజ్ 5 డిగ్రీలలోపు నిలిస్తే ఫ్యాను లేకుండానే పని ముగిసినట్టు. లేదంటే కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు తీసుకోండి. బాల్ బేరింగ్ ఉన్నవి, దుమ్ము నీరు తట్టుకునే రకానివి అయితే మంచిది. చౌక స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లు ఈ వేడికి త్వరగా అరిగి, అర్ధరాత్రి గురకపెట్టడం మొదలుపెడతాయి.

ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. కింది వెంట్ దగ్గర లోపలికి ఊదేలా పెట్టకూడదు, అక్కడే బర్నర్ ఉంటుంది, గాలి తాకిడికి మంట చెదిరిపోవచ్చు. పై వెంట్ దగ్గర బయటికి తోసేలా పెట్టవచ్చు, కానీ అక్కడ ఫ్యాను అత్యంత వేడి గాలిలో బతకాలి. కండెన్సర్ రెక్కలకు కాస్త కింద, మొదటి రేకు గాలిని మళ్లించే చోట, పైకి ఊదేలా పెట్టడాన్నే నేను ఇష్టపడతాను. అక్కడ గాలి ఇంకా వేడెక్కదు, తోసిన గాలి అంతా రెక్కల మధ్యకే వెళుతుంది. ఎక్కడ పెట్టినా పొగగొట్టానికి, బాయిలర్‌కు దూరంగా ఉండాలి, ఫ్యాను ప్లాస్టిక్‌దని మరవకూడదు. ఫ్యాన్లు బిగించాక ఫ్రిజ్‌ను గ్యాస్ మీద నడిపి, ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు కూడా మంట నిలకడగా నీలంగా ఉందో లేదో తప్పనిసరిగా చూడండి. మంట ఊగినా ఆరినా ఫ్యాన్ల స్థానం మార్చాల్సిందే.

వైరింగ్ సులువే. క్యారవాన్ బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల లైనులో, ఆరంభంలోనే 3 ఆంపియర్ల ఫ్యూజు. ఆ తరువాత స్విచ్చు. ఆ తరువాత 45 డిగ్రీల దగ్గర కలిసే, నార్మలీ ఓపెన్ రకపు (చల్లగా ఉన్నప్పుడు కరెంటు పోనివ్వని) చిన్న థర్మల్ స్విచ్చు. దాన్ని రెక్కల పైభాగంలో ఒక రెక్కకు క్లిప్పుతో పట్టించాలి. రెక్క వేడెక్కితే ఫ్యాన్లు వాటంతట అవే తిరుగుతాయి, తెల్లవారుజామున చల్లబడ్డాక ఆగిపోతాయి. ఫ్రిజ్ 12 వోల్టుల హీటర్‌కు వెళ్లే తీగ నుంచి మాత్రం కరెంటు తీసుకోకండి, చాలా అమరికల్లో అది కారు ఇంజిన్ నడుస్తున్నప్పుడే పనిచేస్తుంది, మనకు ఫ్యాను కావలసింది క్యారవాన్ ఆగి ఉన్నప్పుడు. ఒక్కో ఫ్యాను 0.2 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, రెండూ పది గంటలు తిరిగినా ఖర్చయ్యేది 4 ఆంపియర్ అవర్లు. కప్పు మీద చిన్న సోలార్ పలక ఉన్నా ఇది లెక్కలోకి రాదు. 240 వోల్టుల తీగలను మాత్రం ముట్టకండి, ఆ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ది.

ప్రయాణంలో చల్లబడకపోతే

దారిలో ఫ్రిజ్ 12 వోల్టుల హీటర్ మీద నడుస్తుంది, అది పుట్టించే వేడి వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 12 వోల్టుల వద్ద 180 వాట్ల హీటర్‌కు 10.5 వోల్టులే చేరితే దక్కేది సుమారు 138 వాట్లు, అంటే దాదాపు నాలుగోవంతు పోయినట్టే. వెనుక గాలి ఎంత బాగున్నా బాయిలర్‌కే వేడి చాలనప్పుడు ఫలితం ఉండదు.

ఇక్కడి దుకాణాల్లో అమ్మే ఆటో కేబుల్ కొలతతో జాగ్రత్త. "6 మిల్లీమీటర్ల ఆటో కేబుల్" అన్నప్పుడు ఆ 6 పైతొడుగుతో కలిపి తీగ వ్యాసం, లోపలి రాగి సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లే. కారు బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా 8 మీటర్లు, రాను పోను 16 మీటర్లు అనుకుంటే, 15 ఆంపియర్ల కరెంటుకు ఆ తీగలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. 13.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉన్న 6 బీ అండ్ ఎస్ (తీగ మందానికి వాడే గేజి కొలత) కేబుల్ వేసి, మధ్యలో కారుకూ క్యారవాన్‌కూ ఎక్కువ కరెంటు కలిపే ఆండర్సన్ ప్లగ్ పెడితే నష్టం 0.3 వోల్టుకు తగ్గుతుంది. మల్టీమీటర్‌ను ఫ్రిజ్ వెనుక టెర్మినల్స్ దగ్గరే పెట్టి, ఇంజిన్ నడుపుతూ, ఫ్రిజ్ పనిచేస్తుండగా కొలవండి. బ్యాటరీ దగ్గర కొలిచిన అంకెతో లాభం లేదు.

నిలిపే దిక్కు, సర్దే తీరు

మనలో చాలామందికి పుట్టినూరి అలవాటు కొద్దీ ఉత్తరం వైపు నీడ అన్న భావన ఉంటుంది. ఇక్కడి దక్షిణ రాష్ట్రాల్లో నడిమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానిది. నడి వేసవిలో సూర్యుడు పడమటికి కాస్త దక్షిణంగా అస్తమిస్తాడు కనుక, సాయంత్రపు వాలు ఎండ దక్షిణపు గోడను కూడా తాకుతుంది. అందువల్ల ఫ్రిజ్ వెంట్లున్న గోడ ఆగ్నేయం వైపు ఉండేలా నిలపడం అన్నిటికన్నా మంచిది. వాస్తు ప్రకారం వంటగదికీ అదే దిక్కు కాబట్టి వెంట వచ్చిన పెద్దలకూ అభ్యంతరం ఉండదు. వెంట్లు క్యారవాన్ కుడిపక్కన ఉంటే ముక్కు ఈశాన్యానికి, ఎడమపక్కన ఉంటే నైరుతికి తిప్పి నిలపాలి. సైటులో అందుకు వీలు లేకపోతే, వెంట్ల ముందు కనీసం చేతి బారెడు దూరంలో నీడ తెర కట్టండి, గోడకు ఆనించి మాత్రం కాదు.

వెంట్లు ఆనింగ్ (క్యారవాన్ పక్కన సాచే బట్ట పందిరి) కింద ఉన్నప్పుడు ఆ నీడ మేలే చేస్తుంది. అయితే ఆనింగ్‌కు చుట్టూ గోడలు దించి గదిలా మూసినప్పుడు ఫ్రిజ్‌ను గ్యాస్ మీద నడపకూడదు, పొగ అంతా ఆ గదిలోనే చేరుతుంది. అక్కడ 240 వోల్టులే వాడాలి.

లోపలి సర్దుబాటు గురించి కొద్దిగా. బయలుదేరే ముందురోజే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ను పూర్తిగా చల్లబరచి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడిన వస్తువులనే అందులోకి మార్చండి. వేడి తగ్గని సాంబారు గిన్నె పెడితే ఈ ఫ్రిజ్ తేరుకోవడానికి చాలా గంటలు పడుతుంది, ఇంటి ఫ్రిజ్‌కున్న శక్తి దీనికి లేదు. స్టీలు డబ్బాలను ఒకదానికొకటి ఆనించి అర నిండా పేర్చకుండా, వెనుక ఉన్న అల్యూమినియం రెక్కలకు మూడు వేళ్ల సందు వదలండి. ఆ రెక్కల దగ్గర బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను పెడితే పైఅరకూ కింది అరకూ మధ్య తేడా తగ్గుతుంది. రెక్కల మీద మంచు పేరుకుంటే కత్తితో గీకకుండా, ఫ్రిజ్ ఆపి కరగనివ్వండి.

కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవారికి

ఇందులో మంట లేదు కాబట్టి పొగ భయం లేదు, ఒరుగు బాధ కూడా అంతగా లేదు. కానీ వేడి పోవలసిన అవసరం మాత్రం అలాగే ఉంది. కండెన్సర్ ఫ్యాను ఎక్కడినుంచి గాలి పీలుస్తుందో, ఎటు వదులుతుందో చూడండి. వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంటే కంప్రెసర్ ఆగకుండా నడిచి, ఫ్రిజ్ చల్లగానే ఉన్నా తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. పీల్చే వైపుకూ వదిలే వైపుకూ మధ్య ఒక రేకునో పలకనో అడ్డం పెట్టి, చల్లగాలి కిందినుంచి, వేడిగాలి పైనుంచి పోయేలా చేస్తే చాలావరకు సరిపోతుంది. పాత గ్యాస్ ఫ్రిజ్ తీసేసి కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించేవారు, మిగిలిపోయిన గ్యాస్ గొట్టాన్ని గ్యాస్‌ఫిట్టర్ చేత మూయించాలి, టేపు చుట్టి వదిలేయడం ప్రమాదం.

పని అయ్యాక

మొదట రాసుకున్న కాగితం తీసి, అదే చోట, అంతే ఎండ ఉన్న మధ్యాహ్నం, అవే అంకెలు మళ్లీ రాయండి. కింది వెంట్ లోపలి గాలికీ బయటి నీడలోని గాలికీ తేడా బాగా తగ్గి ఉండాలి. కింది వెంట్ దగ్గరే గాలి వేడిగా ఉంటే, పైనుంచి పోయిన గాలి మళ్లీ కిందికి వస్తోందనో, గోడకు ఎండ తగులుతోందనో అర్థం. రెక్కల పైన ఉన్న ప్రోబ్ అంకె మునుపటికన్నా పడిపోయి, గ్లాసు నీళ్లు 5 డిగ్రీల దగ్గర నిలిస్తే రేకులు సరైన చోటే కూర్చున్నాయి. రెక్కల దగ్గర వేడి తగ్గినా నీళ్లు చల్లబడకపోతే తలుపు రబ్బరునో కూలింగ్ యూనిట్‌నో మళ్లీ అనుమానించండి, ఇంకో ఫ్యాను తగిలించడం వల్ల ప్రయోజనం లేదు.

ఆ తరువాత ప్రతి పెద్ద ప్రయాణం ముందు కింది గ్రిల్ తీసి, తెర దులిపి, రేకు స్క్రూలు వదులు కాలేదని, ఫ్యాన్లు చేత్తో తిప్పితే ఒరుసుకోవడం లేదని చూసుకోండి. కొన్ని నెలలు ఊరికే నిలిచిన క్యారవాన్‌లో బర్నర్ గొట్టంలోకి సాలీళ్లు, మట్టిగూడు కట్టే కందిరీగలు చేరుతుంటాయి. మంట నీలంగా కాక పసుపుగా, పొగచూరుతూ కనిపిస్తే గ్యాస్ ఆపివేసి, గ్యాస్‌ఫిట్టర్ చేత జెట్టు, పొగగొట్టం శుభ్రం చేయించి, పీడనం 2.75 కిలోపాస్కల్స్ దగ్గర ఉందో లేదో కొలిపించిన తరువాతే బయలుదేరండి.